కుర్చీకి అన్నం పెట్టిన మేస్త్రి

నవంబరు, రెండో మంగళవారం. రెండు రోజుల ముసురు విడిచింది. పల్చని ఎండ. తూర్పుగాలి తక్కువ. టీచరమ్మ గారి ఆరో కుర్చీకి మొదటి పూత వేశాను.

ఆ రోజు నా పుస్తకంలో ఇంతే ఉంది. పూత ఆరకముందే ఫోను మోగింది. మేస్త్రి గారి భార్య చేశారు. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. మేస్త్రి తెల్లవారి నమాజుకు లేచి, ముఖం కడుక్కుని, తువ్వాలు కోసం చెయ్యి చాచి మంచం మీద కూర్చున్నారట. ఆమె తువ్వాలు తెచ్చేసరికి అయిపోయింది. "నువ్వు ఒకసారి రా అబ్బయ్యా" అని మాత్రం అన్నారు. నేను పాలిష్ గుడ్డను డబ్బాలో వేసి, మూత బిగించి బయల్దేరాను. మూత పెట్టకపోతే స్పిరిట్ ఆవిరైపోతుంది. ఇల్లు కూలినా ముందు మూత పెట్టాలని నాకు నేర్పింది ఆయనే.

ముత్తుకూరు రోడ్డు మీద, కృష్ణపట్నం పోర్టుకు పోయే కంపెనీ బస్సులు ఆగే మలుపులో, రేకుల షెడ్డు కింద ఏళ్ళ తరబడి పాత కుర్చీలు బాగుచేసిన వడ్రంగి ఆయన. ఈ చుట్టుపక్కల వాళ్ళకు ఆయన పేరుతో పని పడలేదు. మేస్త్రి అంటే చాలు. చెక్క పని ఆయనది, పాలిష్ నాది. పంతొమ్మిదేళ్ళు ఒకే రేకు కింద ఉన్నాం. ఆ షెడ్డు నుంచి కిర్రుమనే కుర్చీ ఒక్కటి కూడా బయటికి పోలేదని ఆయనకు గర్వం. ఆయనకున్న గర్వం అదొక్కటే. ఆయన పోయాక ఆ మాట నా వల్ల అబద్ధం కాబోయింది. ఆయన్ని తలుచుకుంటూ ఆ సంగతి కూడా చెబుతాను. చెప్పకపోతే ఆయన ఊరుకోరు.

నేను మాట తక్కువ మనిషిని. బడికి పోయింది కూడా తక్కువే. అక్షరాలు బస్సుల బోర్డులు చూసి, పాలిష్ వేరేవాళ్ళు వేస్తుంటే చూసి నేర్చుకున్నాను. మేము వేసేది లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డ ఉండతో రుద్దే పాత పాలిష్. సముద్రం దగ్గర దీనికి గాలే శత్రువు. తేమ ఎక్కువగా ఉన్న రోజు వేస్తే పూత పాలు చల్లినట్టు తెల్లబారుతుంది. అందుకని ఏ రోజు గాలి ఎట్లా ఉంది, ఏ కుర్చీకి ఎన్నో పూత పడింది అన్నది రాసుకోవడం అలవాటయింది. మేస్త్రి పోయాక పాత పుస్తకాలు తిరగేశాను. ఆయన పేరు ఎక్కడా లేదు. కానీ ప్రతి రెండు మూడు రోజులకు ఒకచోట "భోజనం అయింది" అని ఉంది. ఆ మాట ఉన్న ప్రతి చోటా ఆయన ఉన్నట్టే.

అది మనుషుల భోజనం కాదు. కుర్చీ భోజనం. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

అన్నం తినే బల్ల చుట్టూ వేసే కుర్చీకి మేస్త్రి దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు కుర్చీని పూర్తిగా విప్పుతారు. అరిగిన చోట పొర వేసి సరిచేసి, బంక పుయ్యకుండానే మళ్ళీ బిగిస్తారు. ఆ తర్వాత అందులో ఎవరినైనా కూర్చోబెట్టి కడుపు నిండా అన్నం పెడతారు. ఎక్కడా చప్పుడు రాకపోతే అప్పుడు మళ్ళీ విప్పి, బంక పూసి, బిగించి, కాళ్ళ చుట్టూ తాడు కట్టి మెలిపెట్టి ఒక పగలంతా ఉంచుతారు. తాడు తీశాకే కుర్చీ నా దగ్గరికి వస్తుంది.

"ఊరికే కూర్చోబెడితే చాలదా మేస్త్రీ?" అని మొదట్లో అడిగాను.

"మాట్లాడే మనిషి బొమ్మ మాదిరి కూర్చుంటాడు. తినే మనిషే నిజంగా కూర్చునేది" అన్నారు. "పులుసు కోసం ముందుకు వంగుతాడు. పక్కోడి ఆకులో ఏముందా అని తిరిగి చూస్తాడు. కడుపు నిండినాక ఎనక్కి వాల్తాడు. అప్పుడు గదా కుర్చీ గుణం తెలిసేది!"

"బంక పూసి బిగిస్తే చప్పుడు రాదు గదా?"

"బంక గొళ్ళెం లాంటిది అబ్బయ్యా. తలుపే సరిగ్గా పట్టకపోతే గొళ్ళెం ఏం చేస్తాది?"

చేరిన మొదటి నెలలోనే ఒక తప్పు చేశాను. భోజనం కాని కుర్చీకి తొందరపడి మూడు పూతలు వేశాను. అద్దంలా మెరిసింది. మేస్త్రి వచ్చి చూసి, చుట్టూ ఒకసారి తిరిగి, చాలా బాగుందని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే కొయ్యసుత్తి తీసుకుని టపటపా నాలుగు కాళ్ళూ ఊడగొట్టేశారు. నా ముఖం చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆకలితో ఉన్నోడికి కొత్త చొక్కా తొడిగినావు గదయ్యా!" అన్నారు. ఆ మాట మా షెడ్డులో సామెత అయింది. ఎవరు ఏ పని ముందు వెనకలు చేసినా అదే మాట.

ఆ విధంగా ఈ రోడ్డున పోయేవాళ్ళలో చాలామంది మేస్త్రి గారింటి అన్నం తిన్నారు. మీలో కూడా ఉండే ఉంటారు. పన్నెండున్నరకు అక్క పంపే నాలుగు గిన్నెల క్యారియరు వచ్చేది. మామిడికాయ వేసిన చేపల పులుసు ఉన్న రోజు బస్సు కోసం నిలబడ్డ వాళ్ళు బస్సు వదిలేసుకోవడం చూశాను. చేపలు తిననివాళ్ళకు ఆయన జవాబు సిద్ధంగా ఉండేది. "మీ క్యారియరు మీరే తెచ్చుకోండి. కుర్చీకి కావాల్సింది మీ బరువు. మా పులుసు కాదు."

అందరిలోకి గొప్ప పరీక్షాధికారి చిట్టమూరు వైపు నుంచి వచ్చే పోర్టు లారీ డ్రైవరు. నూరు కిలోలు దాటిన మనిషి. లారీ దిగితే లారీ ఒక బెత్తెడు పైకి లేస్తుందని మేస్త్రి అనేవారు. అతను కూర్చుని లేచిన కుర్చీకి ఇక ఈ లోకంలో భయం లేదు. "ఏంది మేస్త్రీ, నాకు అన్నం పెట్టేది ప్రేమతోనా, కుర్చీ కోసమా?" అని అతను అడిగేవాడు. "నీ మీద ప్రేమ ఉంటే తక్కువ తినమని చెప్పుండేవాణ్ణి" అనేవారు మేస్త్రి.

పక్క ఊరి చర్చి పాస్టరు గారు కూడా అప్పుడప్పుడు వచ్చి కూర్చునేవారు. ఆయన కళ్ళు మూసుకుని అన్నానికి ప్రార్థన చేస్తుంటే, మేస్త్రి తల వంచి కుర్చీ కాలి దగ్గర చెవి పెట్టి ఉండేవారు. చూసేవాళ్ళకు ఇద్దరూ ప్రార్థనలో ఉన్నట్టే ఉండేది. "ప్రార్థన అప్పుడు కుర్చీ కూడా బుద్ధిగా ఉంటాదయ్యా. ఆమెన్ అన్న తరవాతే దాని సంగతి బయటపడేది" అంటే పాస్టరు గారు పొలమారేదాకా నవ్వేవారు.

మేస్త్రి మాత్రం ఎప్పుడూ కుర్చీలో కూర్చుని తినలేదు. నేల మీద ఒక పాత టేకు పలక వేసుకుని, దాని మీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకునేవారు. కొత్తవాళ్ళు చూసి, పెద్దాయన కింద కూర్చున్నారే అని ఇబ్బందిపడి లేవబోయేవారు. "కూర్చోవయ్యా! నేను ఈడ కూర్చునేది మర్యాదకు కాదు. చెవి కుర్చీ మోకాలి ఎత్తులో ఉండాల. పై నుంచి వింటే మనిషి నమిలేదే వినపడతాది" అనేవారు. కాలికీ అడ్డబద్దకూ జాయింటు పడే చోటు సరిగ్గా ఆయన చెవి పక్కకు వచ్చేది.

శుక్రవారం మధ్యాహ్నం మసీదుకు పోయేవారు గనుక ఆ రోజు కుర్చీలకు ఉపవాసం. రంజాన్ నెలలో మాత్రం ఉపవాసం ఆయన ఒక్కరికే. క్యారియరు యథాప్రకారం వచ్చేది. డ్రైవరు తింటూ ఉంటే, ఉమ్మి కూడా మింగకుండా పలక మీద కూర్చుని వినేవారు. డ్రైవరుకు ముద్ద దిగేది కాదు. "నీకు ఆకలి కాదా మేస్త్రీ?" అని అడిగాడు ఒకసారి. "ఆకలి నాది. కుర్చీది కాదు గదా. నువ్వు తిను. నంజుకోను అప్పడం ఉండాది, చప్పుడు చెయ్యకుండా నమలు" అన్నారు.

ఇక టీచరమ్మ గారి కుర్చీల సంగతి.

ఆమె బుచ్చిరెడ్డిపాలెంలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళ నాన్నగారికి రైసుమిల్లు ఉండేది. ఆయన వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఎవరింట్లోనో చూసి వచ్చి, అదే మాదిరిగా ఊళ్ళో వడ్రంగి చేత ఆరు టేకు కుర్చీలు చేయించారట. ఒక్క చెక్కడం లేదు, పువ్వు లేదు, సింహం తల లేదు. సన్నని కాళ్ళు. కిందికి వచ్చేకొద్దీ ఇంకా సన్నబడి, కొంచెం బయటికి చాపినట్టు ఉంటాయి. వీపుకు ఒకే ఒక్క వంపు చెక్క. కూర్చునే చోట పేము అల్లిక. అప్పట్లో ఊరంతా నవ్విందట, మిల్లు ఓనరుకు చెక్క చాలినట్టు లేదని. ఆ నవ్విన వాళ్ళందరూ ఆ కుర్చీల్లోనే కూర్చుని ఆ ఇంట్లో అన్నాలు తిన్నారు.

ఆటోలోంచి దించగానే మేస్త్రి వాటి చుట్టూ రెండుసార్లు తిరిగారు. పెళ్ళిచూపుల్లో పిల్లవాడి తల్లి కూడా అంత పరీక్షగా చూడదు. "కొంగలు గదమ్మా ఇవి! నీళ్ళలో నిలబడినట్టు నిలబడుండాయి" అన్నారు. ఆ రోజు నుంచి వాటి పేరు కొంగలే. నా పుస్తకంలో కూడా చాలాచోట్ల మొదటి కొంగ, రెండో కొంగ అనే ఉంది.

"పనికొస్తాయా మేస్త్రీ?" అని అడిగారు టీచరమ్మ.

"పనికి రావల్సింది మేము గదమ్మా. ఎవరో మహానుభావుడు చేసిపెట్టి పొయ్యినాడు. దాన్ని మేము చెడగొట్టకుండా ఉంటే చాలు."

వాటిని బాగుచేస్తుండగా చెన్నై నుంచి ఒకాయన కారులో వచ్చాడు. పాత సామాను కొని పెద్ద ఊళ్ళలో అమ్మే మనిషి. కొంగల్ని చూసి మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. అవి అమ్మేవి కావని చెప్పినా వదల్లేదు, ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. మాటకు ముందు వింటేజ్, మాటకు వెనక వింటేజ్.

"అంటే ఏందయ్యా?" అని అడిగారు మేస్త్రి.

"పాతకాలందండీ. కానీ అట్లాంటిది ఇప్పుడు దొరకదు."

"అట్టయితే నన్ను కూడా తియ్యి ఒక ఫోటో."

తీశాడు. రెండో కొంగలో డ్రైవరు తింటున్నాడు, కింద పలక మీద మేస్త్రి పళ్ళెంతో, నోరంతా తెరిచి నవ్వుతూ. మేస్త్రికి ఉన్న మంచి ఫోటో అదొక్కటే. ఇప్పుడు షెడ్డులో తగిలించాను. డ్రైవరు బొజ్జ సగం కనిపిస్తుంది. దాన్ని కత్తిరించమని కొందరన్నారు. నేను కత్తిరించలేదు. భోజనం లేకుండా ఆయన ఫోటో ఏమిటి?

దీపావళి లోపు అయిదు కొంగలకూ భోజనాలు, పూతలు అయ్యాయి. ఆరోది మిగిలింది. ఆదివారం మేస్త్రి దాన్ని బంక లేకుండా బిగించారు. ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. రోడ్డు మీద పురుగు లేదు. డ్రైవరు లారీ పోర్టులోనే ఆగిపోయింది. క్యారియరు మాత్రం గొడుగు కింద వచ్చింది. ఒంటిగంట దాకా చూశాం. మేస్త్రి నెమ్మదిగా వచ్చి ఆరో కొంగలో కూర్చున్నారు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తినడం మొదలుపెట్టారు. పంతొమ్మిదేళ్ళలో ఆయన్ని కుర్చీలో కూర్చుని తింటూ చూడటం అదే మొదలు.

"ఏంది మేస్త్రీ, ఈ రోజు మీరే పరీక్షా?" అన్నాను.

"కొంగ మీద కొంగ. బాగుండాము గదా ఇద్దరం?" అన్నారు.

నవ్వుకున్నాం. ఆయన నలభై అయిదు కిలోలు ఉంటే ఎక్కువ. కుర్చీ కిక్కురుమనలేదు. నేను నా బల్ల దగ్గర నిలబడి తింటున్నాను. సాయంత్రం పుస్తకంలో "ఆరో కొంగ భోజనం అయింది" అని రాశాను.

సోమవారం స్పిరిట్ కోసం నెల్లూరు పోయాను. మంగళవారం పొద్దున షెడ్డు తెరిచేసరికి ఎండ వచ్చి ఉంది. ఆరో కొంగ తాడు లేకుండా నిలబడి ఉంది. సోమవారం పొద్దునే బంక పూసి, తాడు కట్టి, ఇంటికి పోయేముందు విప్పి ఉంటారనుకున్నాను. ముసురు మధ్యలో ఎండ దొరికిన రోజును వదులుకోవడం పాలిష్ చేసేవాడికి కష్టం. మొదటి పూత వేశాను. ఆ తర్వాత ఫోను మోగింది. మట్టి వేసి వచ్చి, వారం పాటు షెడ్డు తెరవలేదు. తర్వాత మిగతా పూతలు పూర్తి చేశాను.

కిందటి వారం టీచరమ్మ వచ్చారు, కుర్చీలు తీసుకుపోవడానికి. లెక్కల టీచరు గదా, వరసగా ఒక్కోదాంట్లో కూర్చుని చూశారు. ఆరోదాంట్లో కూర్చుని, కింద పెట్టిన సంచి కోసం పక్కకు వంగారు.

కిర్రుమంది.

చిన్న చప్పుడు. ఆమె పట్టించుకోలేదు. ఆటో అతను నవ్వాడు. నాకు మాత్రం రేకులు మీద పడ్డట్టయింది.

"పోనీలేవయ్యా" అన్నారు టీచరమ్మ నా ముఖం చూసి. "అరవై ఏళ్ళ కుర్చీ. వంగేటప్పుడు నేను మాత్రం మూలగనా? మేస్త్రి ఆఖరున చేసింది. ఆయన చేతి బిగింపు. అట్టనే ఉండనియ్యి."

నేనూ ఒక నిమిషం అదే అనుకున్నాను. ఆయన చేత్తో బిగించిన ఆఖరి జాయింటు అది. నా చేత్తో ఊడగొట్టడమా? కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. ఆ చప్పుడు బుచ్చిరెడ్డిపాలెం పోయి, రోజూ అన్నం వేళకు పది మందికి వినపడుతూ ఉంటుంది. ఎవరు చేశారని అడిగితే ఆమె మేస్త్రి పేరు చెబుతారు.

"వద్దమ్మా. నాలుగు రోజులు ఉంచండి" అన్నాను.

ఆమె అప్పటికే ఆటోలోకి ఎక్కించిన అయిదింటిని కూడా దింపించేశారు. "ఆరూ కలిసే వస్తాయి. ఒకటి వదిలేసి పోతే మా నాన్న ఒప్పుకోడు" అన్నారు.

ఆ మధ్యాహ్నం కొయ్యసుత్తి తీసుకున్నాను. ఎట్లా కొట్టాలో చూసి చూసి తెలుసు గానీ, నేను కొట్టింది ఎప్పుడూ లేదు. రెండు దెబ్బలకు పాలిష్ జాయింటు దగ్గర సన్నగా చిట్లింది. మూడో దెబ్బకు అడ్డబద్ద బయటికి వచ్చింది. లోపల చూశాను. పొడిగా ఉంది. బంక చుక్క లేదు. మిగతా మూడు కాళ్ళూ విప్పాను. అన్నీ అంతే.

అంటే ఆయన దాన్ని పూర్తయిందనుకోలేదు. ఆదివారం భోజనాన్ని భోజనంగా లెక్కపెట్టలేదు. పెట్టడానికి లేదు కూడా. వినడానికి పలక మీద ఎవరు కూర్చున్నారని? ఆయన పైన ఉన్నారు, నేను నిలబడి ఉన్నాను. ఇన్నేళ్ళు పద్ధతి చూసినవాణ్ణి, ఆ మాత్రం తోచలేదు. ఆకలితో ఉన్నవాడికి రెండోసారి కొత్త చొక్కా తొడిగాను.

మరి ఆయన ఎందుకు కూర్చున్నట్టు? ఆ ప్రశ్నతోనే అక్క దగ్గరికి పోయాను. భర్త పోయిన నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా ఆమె బయటి మగవాళ్ళ ముందుకు రారు. తలుపు పరదా వెనక నుంచి మాట్లాడారు. నేను చెప్పిందంతా విన్నారు.

"రెండు నెల్ల నుంచి కింద కూర్చుంటే లెయ్యలేకపోతా ఉండినాడు అబ్బయ్యా. ఆ ఆదివారం పొద్దున ఈ గడప దాటేదానికే ఆయాసపడినాడు. వద్దన్నా వినలేదు. సోమవారం నేనే తలుపుకు అడ్డం నిలబడినాను, పోనియ్యలేదు."

"నాకు చెప్పలేదేందక్కా?"

"చెప్పొద్దన్నాడు గదా! 'వాడికి తెలిస్తే నాకొక కుర్చీ ఏస్తాడు. నా చెవి పైకి పోతాది. ఇంక ఆ షెడ్డులో ఎవరు వినేది?' అనినాడు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండు నెలలూ భోజనం కాగానే చెయ్యి చాచి, "నీ చెయ్యి ఇయ్యి అబ్బయ్యా. పాలిష్ జిగట ఉంటాది, పట్టు బాగా దొరుకుతాది" అనేవారు. నేను నవ్వుతూ చెయ్యి ఇచ్చి లేపేవాణ్ణి. పుస్తకంలో గాలి రాశాను, తేమ రాశాను. అది రాయలేదు.

"ఇప్పుడు ఏం చేస్తావు?" అని అడిగారు పరదా వెనక నుంచి.

"బిగించి భోజనం పెట్టాల అక్కా."

"ఎంతమందికి?"

"ఒకరికి చాలు."

"ఆరు కుర్చీలన్నావు గదా? ఒకటి తింటా ఉంటే అయిదు చూస్తా ఉండాల్నా? నేను వచ్చేదానికి లేదు గానీ క్యారియరుకేం అడ్డం లేదు. సోమవారం పంపిస్తా" అన్నారు. గొంతులో నవ్వు వినిపించింది. మేస్త్రి పోయాక ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు.

మూడు రోజులు పట్టింది. ఒక కాలి దగ్గర అడ్డబద్ద చివర గోరంత అరిగి ఉంది. కిర్రుమన్నది అదే. బక్క మనిషికి కదల్లేదు, వంగిన మనిషికి కదిలింది. టేకు పొర ఒకటి పల్చగా చీల్చి అతికించాను. మొదటిది మందమైంది. రెండోది చీలిపోయింది. మూడోది కుదిరింది. మేస్త్రి ఉంటే ఒక బీడీ కాలేంత సేపట్లో చేసేవారు. బంక లేకుండా బిగించి, ఊపి చూశాను. నా చెవి మీద నాకు నమ్మకం లేదు. నేను కన్నూ చెయ్యీ నమ్ముకున్న మనిషిని.

ఈ రోజు సోమవారం. మూడు బల్ల చెక్కలు కలిపి షెడ్డు మధ్యలో వేశాను. ఆరు కొంగలూ చుట్టూ నిలబడ్డాయి. టీచరమ్మ వచ్చారు. ఆటో అతను, పాస్టరు గారు, బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు పోర్టు ఉద్యోగులు. ఆరోదాంట్లో డ్రైవరు. మేస్త్రి గారి కూతురు వచ్చి క్యారియర్లు దించిపోయింది. ఒకటి కాదు, మూడు. మూత తీయగానే మామిడికాయ పులుసు వాసన.

పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. నేను గోడకు ఆనించి ఉన్న పలక తెచ్చి, ఆరో కొంగ పక్కన నేల మీద వేశాను. దాని మీద నేనెప్పుడూ పాలిష్ వెయ్యలేదు. అయినా మధ్యలో నున్నగా, కొంచెం పల్లంగా, నా ఏ పూతకూ రానంతగా మెరుస్తోంది. కూర్చుని చూస్తే అడ్డబద్ద సరిగ్గా నా చెవి పక్కకు వచ్చింది.

ఆమెన్ అయింది. డ్రైవరు తినడం మొదలుపెట్టాడు. ముందుకు వంగాడు. పాస్టరు గారి పళ్ళెంలోకి తిరిగి చూశాడు.

"ఏమన్నా వినపడతా ఉండాదా అన్నా?" అని అడిగాడు నోటి నిండా అన్నంతో.

"నువ్వు నమిలేది" అన్నాను.

"మేస్త్రి కూడా ఇదే మాట అనేవాడు" అంటూ ఘొల్లున నవ్వి, కుర్చీ వీపు మీదికి పూర్తిగా వాలాడు. నూరు కిలోలూ వెనక్కి పోయాయి. నేను ఊపిరి పట్టాను. బల్ల చుట్టూ అందరూ చేతులు ఆపేశారు. టీచరమ్మ ముద్ద గాలిలోనే ఉంది. రోడ్డు మీద కంపెనీ బస్సు ఒకటి పోయింది. దాని మోత దూరమైంది. ఆ తర్వాత పేము అల్లిక సర్దుకున్న మెత్తని చప్పుడు. అది ఉండాల్సిందే. అంతకు మించి ఏమీ లేదు.

"ఇంకొంచెం పులుసు వెయ్యి నాయనా అతనికి" అన్నారు టీచరమ్మ ఆటో అతనితో.

వాళ్ళింకా తింటున్నారు. నేను పలక మీదే ఉన్నాను. పళ్ళెం పక్కన పెట్టి, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని ఈ రోజుది రాస్తున్నాను. వేళ్ళకు పులుసు అంటి పేజీ మీద మరక పడింది.

డిసెంబరు, సోమవారం. మంచి ఎండ. గాలి లేదు. ఆరో కొంగ భోజనం అయింది. విన్నాను. ఇక విప్పి, బంక వేడి చేసి, పూసి బిగించాలి.